కొసరు మాటలు

గురువారం సాయంత్రం డెయిరీలో సెక్రటరీ వెంకటరామప్ప చిన్నవెంకటమ్మ పాలు తిరగ్గొట్టాడు. ఇరవై రెండేళ్లుగా రెండు పూటలా పాలు పోస్తున్న మనిషి ఆమె. ఇన్నేళ్లలో ఆమె పాలకు వంక పెట్టిన సెక్రటరీ ఒక్కడూ లేడు.

దొడ్డగుండ్లపల్లి డెయిరీలో పాలు పరీక్ష చేసే మిషను చెడిపోయి రెండు నెలలైంది. మళ్లీ పాతకాలం గాజు బుడ్డీయే దిక్కయింది. పొడుగాటి గొట్టం గిన్నెలో పాలు పోసి బుడ్డీని వదిలితే మంచి పాలలో అది పైకి తేలుతుంది, నీళ్లు కలిస్తే దిగబడుతుంది. దాని మెడ మీద అంకెలుంటాయి. ఆ అంకెను ఊళ్లో డిగ్రీ అంటారు. ఇరవై ఆరు దాటితే పాలు తీసుకోవాలి. చూసేదీ చెప్పేదీ సెక్రటరీ ఒక్కడే. బల్లకు ఇవతల నిలబడ్డవాళ్లకు కనబడేది వంగిన అతని నడినెత్తి.

వెంకటరామప్ప భుజం మీది ఎర్ర తువ్వాలు సర్దుకుని, వంగి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇరవై రెండు. నీళ్లుండాయి. తీస్కపో."

చిన్నవెంకటమ్మ పరాచికం అనుకుంది. "ఇంగో కన్ను కూడా తెరిచి చూడప్పా, డిగ్రీ పెరుగుతాదేమో" అంది.

"నోరు చూసి పాలు తీసుకునేది లేదు ఈడ. పక్కకు జరుగు చిన్నవెంకటమ్మా."

పొద్దున దాకా అతనికి ఆమె అక్క. సాయంత్రానికి ఆ అక్క రాలిపోయింది. అప్పుడు తెలిసింది ఆమెకు ఇది పరాచికం కాదని.

వెనక నుంచి ఆమె మరిది చిక్కవెంకటప్ప గొంతు తగ్గించి అన్నాడు. "పొదుగు లేని ఆవు పాలైతే ముప్పై వచ్చేదేమో." వరసలో నలుగురైదుగురు తల దించుకుని నవ్వారు. నవ్వినవాళ్లు మళ్లీ సెక్రటరీ వైపు చూసి మూతులు సర్దుకున్నారు.

చిన్నవెంకటమ్మకు చేతిలో క్యాను బరువెక్కింది. ఆ మాట ఆమెది. పరీక్షకని సెక్రటరీ ఒక్కొక్కరి దగ్గర పెద్ద గరిటెడు పాలు తీస్తాడు. పరీక్షకు పట్టేది అందులో పావు వంతు. మిగిలింది బల్ల కింది క్యానులోకి పోతుంది. యాభై అరవై మంది పోసేసరికి ఆ క్యానులో ఎనిమిది లీటర్లకు తక్కువుండవు. వెంకటరామప్ప ఇంట్లో ఆవు లేదు, కానీ నెయ్యి మాత్రం కాగుతూ ఉంటుంది. ఊరందరికీ తెలిసిన సంగతే, ఎవరూ ఎత్తరు. చిన్నవెంకటమ్మ కూడా ఊళ్లో ఎత్తలేదు. నోరు పెద్దదే గాని పాలు పోయాల్సింది ఆ బల్ల దగ్గరే అన్న బుద్ధి ఆమెకూ ఉంది. పదిహేను రోజుల కింద గని ఊరు రాబర్ట్‌సన్‌పేటలో, తాను పెరుగు పోసే ఇంటి వరండాలో, కాఫీ తాగుతూ అంది. "మా సెక్రటరీ ఇంట్లో ఒక ఆవుండాది. పొదుగు లేదు, తోక లేదు, మేత అడగదు. ఎర్ర తువాల ఒకటి కప్పితే చాలు, పూటకు ఎనిమిది లీటర్లు ఇస్తాది." ఊళ్లో మింగిన మాటను ఎక్కడో ఒకచోట కక్కాలి కదా.

ఆ వరండాలో కూర్చునే మనిషి క్లెమెంట్. బంగారు గనిలో పనిచేసినవాళ్ల కొడుకు, ఇప్పుడు జెరాక్స్ అంగడి నడుపుతాడు. ఒళ్లో ఎప్పుడూ ఒక నోటుబుక్కు ఉంటుంది. అంగడి లెక్కలనుకునేది ఆమె.

ఇంటికొచ్చి, ఆ మాట ఊళ్లోకి ఎట్లా వచ్చిందని కోడలిని అడిగింది. చంద్రిక బిత్తరపోయింది.

"నీకు తెలీదా అత్తా? గనివార్త పేపర్లో గురువారం గురువారం వస్తాది గదా. పల్లెటూరి పాపన్న అని. ఈ పొద్దు పొదుగు లేని ఆవు మాట వచ్చింది. టీ అంగడిలో చదివి అందరూ నవ్వుకుంటారు, అచ్చం మీ అత్త మాదిరే మాట్లాడతాడు పాపన్న అంటారు. నువ్వే చెప్పి రాయిస్తా ఉండావేమో అనుకున్న్యాము."

చంద్రిక వంటింట్లో గిన్నెల బీరువా అరలు ఖాళీ చేసింది. ప్రతి అరకూ పేపరు పరిచి ఉంది. దుమ్ము దులిపి, ఒక్కొక్కటీ బయటికి లాగింది. గోచి పెట్టుకుని, పళ్లు ఊడి, కట్టె పట్టుకున్న ముసలాడి బొమ్మ. కింద, రాసేది క్లెమెంట్. పేపరంతా కన్నడం. ఆ ఒక్క డబ్బా మాత్రం కన్నడ అక్షరాల్లో తెలుగు మాట. కోలారు సీమలో ఇది వింతేమీ కాదు. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. వార్త చెప్పడానికి కన్నడం, నవ్వుకోవడానికి తెలుగు అని ఆ పేపరువాళ్లు తేల్చేశారు.

చంద్రిక చదువుతూ పోయింది. "మా ఊరి మీదికి మబ్బు వస్తాది. అడ్రసు అడుక్కోని మాలూరుకు పోతాది." ఇది ఆమెదే. "బోరుకు మేము తవ్వినంత లోతు బంగారానికి తవ్వింటే గని మూతపడేదే కాదు." ఇదీ ఆమెదే, క్లెమెంట్ ముఖం మీదే అన్నది. ఇన్నేళ్లుగా తన మాటల మీదే తన గిన్నెలు బోర్లించుకుంటూ వచ్చింది. మొదట ఆమెకు కొంచెం నవ్వు కూడా వచ్చింది. అబద్ధమెందుకు, కొంచెం గర్వం కూడా కలిగింది.

తర్వాతి ముక్క ఆరేళ్ల కిందటిది. చంద్రిక రెండు వాక్యాలు చదివి ఆగింది.

"చదువు."

"వద్దులే అత్తా."

"చదవమంటి గదా."

"నా పెండ్లాం పోయింది. ముప్పై ఏండ్లు పిలిస్తే పలకలేదు. ఇప్పుడు పలకకపోయేదానికి దానికొక సాకు దొరికింది." పక్కన పాపన్న పళ్లిగిలించి, పటానికి వేసిన దండలోని పువ్వు తెంపి చెవిలో పెట్టుకుంటున్న బొమ్మ.

మొగుడు పోయిన పన్నెండో రోజు, పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని పోక తప్పక పోయిన రోజు, ఆమె మొగుడి గురించి ఆ మాట అంది. అని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. క్లెమెంట్ లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు. మంచి మనిషి అనుకుంది. నీళ్లిచ్చిన చేత్తోనే రాసుకున్నాడన్నమాట. చిన్నవెంకటమ్మకు ఒళ్లంతా మంటెత్తింది. సెక్రటరీ మీద కోపం దీని ముందు ఏపాటిది?

శుక్రవారం రెండు పూటలూ పాలు తిరిగొచ్చాయి. పొద్దున ఇరవై మూడు, సాయంత్రం ఇరవై ఒకటి. సెక్రటరీ వంగి చూసే శ్రమ కూడా తగ్గించుకున్నాడు. బుడ్డీ గిన్నెలో నిలకడకు రాకముందే అంకె చెప్పేశాడు. వరసలో రోజూ ఆమె వెనకుండే గంగ తన క్యానును కాలితో పక్కకు జరుపుకుంది, అంటుకుంటే తన పాలకూ డిగ్రీ తగ్గుతుందన్నట్టు. ఇద్దరూ ఒకే ఏడు కాపురానికొచ్చినవాళ్లు. గంగ ముఖం ఆమె వైపు తిరగలేదు.

రెండు ఆవులు. పొద్దున ఎనిమిది లీటర్లు, సాయంత్రం ఆరు. ఇంట్లో కుండలు, బిందెలు, చివరికి చంద్రిక పెళ్లినాటి స్టీలు బిందె కూడా పాలతో నిండిపోయాయి. తోడు పెట్టడానికి ఇంకో గిన్నె లేదు. దూడలకు కడుపారా వదిలితే కడుపు చెడి పారుకున్నాయి. పాలు ఎవరికైనా ఊరికే ఇద్దామన్నా తీసుకునేవాడు లేడు, సెక్రటరీ కంట్లో పడతామని భయం. వెనకటికెవడో మంచి మాటకు మంచమైనా ఇస్తారన్నాడట. వాడు ఈ ఊళ్లో ఉండి ఉండడు.

సాయంత్రం డెయిరీ ప్రెసిడెంటు మునీంద్ర ఇంటికొచ్చి వాకిట్లో నిలబడే మాట్లాడాడు. చెడ్డవాడు కాదు. ఎవరితోనూ తగువు పడకూడదని నిర్ణయించుకున్న మనిషి. అలాంటివాళ్లు చేసే చెరుపు తక్కువేమీ కాదు.

"ఎనిమిది పూటలు వరసగా తిరగ్గొడితే పేరు తీసేయొచ్చని రూలుండాదమ్మా. సోమవారం పొద్దునకు ఎనిమిది అవుతాది. పేరు పోతే దాణా కూడా రాదు."

"నా పాలల్లో నీళ్లుండాయా మునీంద్రా? నువ్వు చెప్పు."

మునీంద్ర ఆవుల వైపు చూశాడు. "పాల మాట కాదు గదమ్మా ఇది. ఆ మాట నేను అనలేదని నలుగురిలో ఒకసారి అనెయ్. ఆయప్ప కోపం చల్లారుతాది."

"నువ్వు నీ కన్నుతో డిగ్రీ చూడగూడదా?"

"సెక్రటరీ ఉండంగ నేను చూస్తే ఆయప్పకు మర్యాద ఏముంటాది" అని చెప్పులేసుకున్నాడు.

ఆ రాత్రి దాణా గోనె తడిమి చూసింది. వారానికి సరిపడా ఉంది. ఆ తర్వాత ఆవుల్ని సంతకు తోలడమే.

శనివారం పెరుగు కుండలు రెండింతలు మోసుకుని రాబర్ట్‌సన్‌పేట బస్సెక్కింది. గని కూలీల లైను ఇళ్లలో ఇంటింటికీ పోసింది. పోసిన ప్రతి ఇంటికీ ఒక గరిటె కొసరు వేయడం ఆమె అలవాటు. క్లెమెంట్ ఇల్లు ఆఖరిది. అక్కడ పెరుగు మీద కొసరు పెరుగు కాదు, మాటలు. పదకొండేళ్లుగా ఆ ఇంటి మనిషి కొసరునే అమ్ముకుంటున్నాడని ఆమెకు మొన్ననే తెలిసింది.

క్లెమెంట్ వరండాలో కుర్చీ జరిపి కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే ముఖం వెలిగింది.

"రా పెరుగమ్మా, రా. ఈ వారం సూపర్ హిట్ మా. బంగారుపేట నుంచి కూడా ఫోన్ చేసినారు."

ఆమె కుండ దించలేదు. "నా పాలు తిరగ్గొట్టినారప్పా. నాలుగు పూటలాయె."

సంగతంతా చెప్పేలోపల అతని వెలుగు ఆరిపోయింది. "పేరు రాయలేదు గదా మా. ఊరు పేరు కూడా రాయలేదు. నేను జాగ్రత్తగానే రాసినాను."

"ఎర్ర తువాల రాసినావు."

"అది ఊరికే, కలర్ కోసం."

"ఆ కలరే నా కొంపకు నిప్పు పెట్టింది. మా సీమలో అన్ని డెయిరీల్లో వెతికినా ఎర్ర తువాల సెక్రటరీ ఒక్కడే."

క్లెమెంట్ నోటుబుక్కు మీద చెయ్యి పెట్టుకున్నాడు, ఎవరో లాక్కుంటారన్నట్టు. "చూడమ్మా, పల్లె మాట ఒకరి సొత్తు కాదు. గాలిలో ఉంటాది. పట్టుకున్నోడిది అది. నేను దానికి ఒక గౌరవం తెచ్చినాను, పేపర్లో పెట్టి."

"గాలిలో ఉంటే నా పక్కన ఎందుకు కూర్చుంటావు? మిద్దెక్కి పట్టుకో."

క్లెమెంట్ చెయ్యి పెన్ను వైపు కదిలింది. అలవాటు. సగంలో ఆగింది. ఆమె చూసింది, తను చూడటం అతను గమనించాడని కూడా చూసింది. అప్పటిదాకా అదుపులో ఉన్న గొంతు అప్పుడు తెగింది.

"నా మొగుడు చచ్చిన మాట కూడా రాసినావు గదప్పా. అది నేను నవ్వడానికి అనలేదు. నువ్వు చూసినావు, నేను ఏడ్చింది నువ్వు చూసినావు. నీళ్లిచ్చినావు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. క్లెమెంట్ భార్య ఏంజెలిన్ తడిచేతులతో గడపలోకి వచ్చింది.

"ఆ మాట ఈమెదా?" అని మొగుణ్ణి అడిగింది. "సాకు దొరికిందని రాసినావే, అది? రాత్రంతా కూర్చోని నేనే తయారు చేసినానంటివి. మా అమ్మ పోయినప్పుడు ఆ ముక్క చర్చిలో నలుగురికీ చదివి వినిపించినాను. మా ఆయన రాసినాడని చెప్పినాను."

"ఇప్పుడు అదెందుకు ఏంజెలిన్..."

"ఇంగ ఏమేమి ఈమెవి? అన్నీనా?"

క్లెమెంట్ నోటుబుక్కును ఒళ్లో బోర్లించాడు. ఏంజెలిన్ చేతులు చీరకు తుడుచుకుని, కుండ కింద ఒక చెయ్యి వేసి దించడానికి సాయం పట్టింది. ఆ రోజు రెండింతల పెరుగు తీసుకుంది. తీసుకుంటూ మొగుడి వైపు చూడకుండానే అంది. "సోమవారం పొద్దున ఫస్టు బస్సుకు ఆ ఊరికి పో. పోయి అది ఎవరి మాటో చెప్పి రా."

సోమవారం పొద్దున ఆరున్నరకు డెయిరీ ముందు వరస మామూలుకంటే పొడుగ్గా ఉంది. పాలు లేనివాళ్లు కూడా వచ్చి నిలబడ్డారు. ఒకరి పేరు కొట్టేసేది చూడటానికి ఊరికి ఎప్పుడూ తీరికే. మునీంద్ర బల్ల పక్కన కుర్చీలో ఉన్నాడు. చిన్నవెంకటమ్మ క్యాను పట్టుకుని వరసలో జరుగుతూ బల్ల దగ్గరికి వచ్చేసరికి, ఇస్త్రీ చొక్కా వేసుకుని క్లెమెంట్ రొప్పుతూ లోపలికి వచ్చాడు.

తనెవరో చెప్పుకున్నాడు. పేపరాయన అనగానే వరసంతా నిక్కింది. వెంకటరామప్ప తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"పాపన్న అనే మనిషి యాడా లేడు. నా కల్పన" అన్నాడు క్లెమెంట్. దారిపొడుగునా తయారు చేసుకున్నట్టుంది, తడుముకోకుండా వచ్చింది. "ఆ ఆవు మాట నేను పుట్టించిందే. మీ ఊరిని గానీ, మీ సెక్రటరీ గారిని గానీ అనింది కాదు. ఈ అమ్మకూ ఆ మాటకూ ఏ సంబంధమూ లేదు. ఏసుక్రీస్తు సాక్షిగా చెప్తా ఉండాను."

ఏసును అబద్ధానికి సాక్షిగా పిలవడంలో తప్పు లేదనుకున్నట్టున్నాడు, ఒక ముసలామె పాలు నిలబడతాయి కదా అని. అతని ముఖంలో త్యాగం చేసిన మెరుపు కూడా ఉంది.

వెంకటరామప్పకు ప్రాణం లేచొచ్చింది. నవ్వాడు. "నాకు తెలుసు సార్. అంత తెలివైన మాట మా ఊళ్లో ఎవరికి వస్తాది? చదువుకున్నోళ్ల మాట అది." ఆమె వైపు తిరిగాడు. "పొయ్యక్కా, పొయ్. నిన్నటిదాకా ఏదో బుడ్డీ లోపం."

అక్క తిరిగొచ్చింది. చిన్నవెంకటమ్మ మూత తీసింది. పాల మీద నురుగు ఇంకా ఆరలేదు. పోస్తే చాలు. దాణా వస్తుంది, ఆవులు సంతకు పోవు, కుండలన్నీ ఖాళీ అవుతాయి. నోరు మూసుకుని చెయ్యి వంచితే సరిపోతుంది. అయితే ఈ ఒక్క మాటతో పోదు. మబ్బు మాట పోతుంది, బోరు మాట పోతుంది, మొగుడు పోయిన పన్నెండో రోజు మాట కూడా ఈ ఇస్త్రీ చొక్కాదే అవుతుంది, ఊరందరి ముందు, ప్రమాణంతో సహా. ఆమెకు చెప్పలేనంత అసహ్యం వేసింది. సెక్రటరీ నాలుగు రోజులుగా పాలు తిప్పి పంపాడే గాని, ఇంత మర్యాదగా ఎవరూ ఆమెను దోచుకోలేదు.

"ఆ మాట నాది" అంది.

వెంకటరామప్ప ఎత్తబోయిన గరిటె దించాడు.

"పొదుగు లేని ఆవు మాట నేనే అన్నాను. ఈయప్ప వరండాలో కూర్చోని అన్నాను. ఈయప్ప రాసుకున్నాడు, అంతే."

మునీంద్ర తల పట్టుకున్నాడు. "తేలిపోతా ఉండె గదమ్మా. ఎందుకు?"

"విన్నావు గదా ప్రెసిడెంటూ" అన్నాడు వెంకటరామప్ప. అతని నవ్వు ఎటు పోయిందో. "ఎనిమిదో పూట. పేరు తియ్."

"తియ్యి. నోరు చెడ్డదని తియ్యి, నేనేమీ అనను. పాలల్లో నీళ్లని మాత్రం తియ్యొద్దు. అది వేరే, ఇది వేరే." ఆమె క్లెమెంట్ వైపు తిరిగింది. "నోటుబుక్కు తెచ్చినావా?"

క్లెమెంట్ చెయ్యి దానంతటదే చొక్కా జేబులోకి పోయింది. తేకుండా ఎక్కడికి పోతాడు.

"బల్లకు ఆ పక్కకు పో. ఆ బుడ్డీ మెడ మీద అంకె నువ్వు చూడు. గట్టిగా చెప్పు. చెప్పింది రాయి."

"బయటోళ్లు లోపలికి రాగూడదు" అన్నాడు సెక్రటరీ.

మునీంద్ర సెక్రటరీని చూశాడు, తెరిచిన నోటుబుక్కును చూశాడు. రెండింటిలో దేనికి భయపడాలో తేల్చుకోవడానికి అతనికి కొంతసేపు పట్టింది. "చూడనీలే" అన్నాడు.

చిన్నవెంకటమ్మ తానే గిన్నెలో పాలు పోసింది. బుడ్డీ మునిగి, లేచి, రెండుసార్లు ఊగి నిలబడింది. క్లెమెంట్ వంగాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ వంగాడు.

"ఇరవై తొమ్మిది" అన్నాడు.

"వెనకోళ్లకు వినబడలేదు."

"ఇరవై తొమ్మిది" అని అరిచినంత పని చేశాడు. రాసుకోబోయి ఆగాడు. పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది. మెడ దాకా ఎర్రబడి, ఆమెకు మాత్రమే వినబడేట్టు అడిగాడు. "నీ పేరేంది మా?"

గది చిన్నది. అందరికీ వినబడింది. చిక్కవెంకటప్ప పగలబడి నవ్వాడు, వరసంతా నవ్వింది. ఈసారి తల దించుకుని ఎవరూ నవ్వలేదు.

"చిన్నవెంకటమ్మ" అంది ఆమె. నవ్వలేదు. "పదకొండేండ్లు నీ ఇంట్లో పెరుగు పోసినాను."

క్లెమెంట్ రాశాడు. వెంకటరామప్ప పాలు కొలతలో పోసుకున్నాడు, ఎవరి ముఖమూ చూడకుండా. ఆమె ఖాళీ క్యాను తీసుకుని పక్కకు జరిగింది.

ఆమె వెనకున్న గంగ క్యానును బల్ల మీద పెట్టింది. సెక్రటరీ గరిటె ఎత్తాడు. గంగ అతన్ని చూడలేదు, పెన్ను పట్టుకున్న మనిషిని చూసింది.

"నా పేరు గంగ. నాది కూడా గట్టిగా చెప్పప్పా." తర్వాత, అంతకంటే మెల్లగా, సెక్రటరీతో అంది. "పరీక్షకు పోంగ మిగిలింది నా క్యానులోకే పొయ్యి."

గరిటె గాలిలో ఆగింది. మునీంద్ర నేల చూపులు చూస్తున్నాడు. గరిటెలో మిగిలిన పాలు గంగ క్యానులోకి తిరిగి పోశాడు వెంకటరామప్ప. ఆమె వెనకవాడు అప్పుడే తన పేరు చెప్పడం మొదలుపెట్టాడు.

క్లెమెంట్ గడియారం చూసుకున్నాడు. "ఏడుంబావుకు నా బస్సు మా. అంగడి తెరవాల."

చిన్నవెంకటమ్మ గడప దగ్గర ఆగి వరసను లెక్కపెట్టింది. "ఇంగా యాభై ఇద్దరుండారు. నిలబడు."

ఆవులకు ఇంకా గడ్డి వేయలేదు. చీర ఎగ్గట్టుకుని వేగంగా నడిచింది. మలుపు తిరిగేదాకా క్లెమెంట్ గొంతు వినబడుతూనే ఉంది. ఒక పేరు, ఒక అంకె, ఒక పేరు, ఒక అంకె. అప్పటికే బొంగురుపోయింది, అయినా ఎవరో వెనక నుంచి గట్టిగా చెప్పమంటున్నారు.